పేరున్న కథ నచ్చకపోతే ఆ మాట ఎలా చెప్పాలి?

మీరు అడిగినదాన్ని ముందుగా ఒకసారి చెప్పుకుంటే తక్కినవారికి కూడా విషయం తెలుస్తుంది. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ మీరు ఇటీవల చదివారు. ముగింపు మిమ్మల్ని కలవరపెట్టింది, నచ్చలేదు కూడా. మీ ఊళ్లో నెలనెలా కలుసుకునే పాఠకుల బృందంలో ఆ మాట అంటే, ఒకరిద్దరు పెద్దలు మీకు కథ అర్థం కాలేదని తేల్చేశారు. ఇంత పేరున్న కథ నచ్చకపోవడం పాఠకుడి లోపమేనా, ‘బాగుంది’, ‘బాగోలేదు’ అనే రెండు మాటలు దాటి ఒక కథ మీద అభిప్రాయం రాయడం ఎలా అని మీ ప్రశ్న.

లోపం కాదు. అయితే నచ్చలేదన్న మాట దగ్గరే ఆగిపోతే అది ఇంకా అభిప్రాయం కాలేదు. ఆ అయిష్టం కథలో ఏ చోట పుట్టిందో చూపించగలిగినప్పుడే దానితో ఇతరులకు పని ఉంటుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఒక వారపత్రికలో చాలా ఏళ్లపాటు కథల పేజీలు చూశాను. పాఠకుల ఉత్తరాలు విప్పి చదివి, అచ్చుకు ఎంచి పంపడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. పోస్టుకార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు వారం తిరిగేసరికి బల్ల నిండా పేరుకునేవి. వాటిలో ఎక్కువ భాగం ‘గత సంచికలోని ఫలానా కథ ఆలోచింపజేసేదిగా ఉంది, రచయిత్రికి అభినందనలు’ అన్న ధోరణిలోనే ఉండేవి. ఆ కార్డు మీద కథ పేరు కొట్టేసి మరో కథ పేరు రాసినా ఎవరికీ తేడా తెలియదు. అందుకని నేనొక కొలబద్ద పెట్టుకున్నాను. కథ పేరు చేత్తో మూసి ఉత్తరం చదివినప్పుడు, అది ఏ కథ గురించి రాసినదో పోల్చుకోగలిగితే అచ్చుకు పంపేవాణ్ణి, పొగిడినా సరే, తిట్టినా సరే. మీరు రాయబోయే అభిప్రాయాన్ని కూడా అలా ఒకసారి పరీక్షించి చూసుకోండి.

ఇక ‘యజ్ఞం’ సంగతి. 1966లో ‘యువ’ మాసపత్రికలో వచ్చిన పెద్ద కథ ఇది. సుందరపాలెంలో పంచాయతీ కూడుతుంది. అప్పల్రాముడు అనే దళిత రైతు గోపన్న అనే వర్తకుడికి బాకీ పడ్డాడు. ఊరి పెద్ద శ్రీరాములు నాయుడు తగవు తీర్చాలి. బాకీ తీరాలంటే ఆ కుటుంబం ఉన్న భూమి అమ్ముకోవాలి. అప్పల్రాముడు తీర్పుకు తల ఒగ్గుతాడు. అతని కొడుకు సీతారాముడు మాత్రం తన పిల్లలు రేపు ఒకరి కింద పాలేళ్లుగా బతకకూడదని పసిబిడ్డను చంపి, ఆ శవాన్ని తెచ్చి పంచాయతీ ముందు పెడతాడు. చదవనివాళ్లకు ముగింపు ముందే చెప్పేయడం భావ్యం కాదు గానీ, మీ ప్రశ్న ముగింపు మీదే కాబట్టి తప్పడం లేదు.

ఈ ముగింపు మీద దశాబ్దాలుగా వాదం నడుస్తూనే ఉంది. బిడ్డను చంపుకోవడం నమ్మదగినదేనా, కోపం తగలవలసినవాళ్లకు తగలకుండా పసివాడి మీదికి ఎందుకు తిరిగింది, దీన్ని జరిగిన ఘటనగా చదవాలా లేక దాస్యాన్ని నిరాకరించడానికి ఒక సంకేతంగా చదవాలా అన్న ప్రశ్నల మీద వామపక్ష విమర్శకులే ఒక్క మాట మీద నిలబడలేదు. 1995లో ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన తర్వాత కూడా ఆ చర్చ ముగియలేదు. కథను ఎంతో గౌరవించే వాళ్లలో కూడా ముగింపు దగ్గర తటపటాయించినవాళ్లు ఉన్నారు. కాబట్టి మీ బృందంలోని పెద్దలు మీకు కథ అర్థం కాలేదని చెప్పదలిస్తే, మీరు కథలోని ఏ వాక్యాన్ని దాటేశారో, ఏ సంభాషణను పక్కన పెట్టారో చూపించవలసిన బాధ్యత వాళ్లది.

మీ బాధ్యత కూడా ఒకటి ఉంది. ముగింపు నచ్చలేదంటే ఏమిటి నచ్చలేదు? నేను చూసినంతలో ఈ ఒక్క మాట కింద బొత్తిగా వేరువేరు అభిప్రాయాలు దాక్కుని ఉంటాయి. సీతారాముడు చేసిన పని ఘోరంగా ఉందన్నది ఒకటి. అలాంటి మనిషి అలాంటి పని చేస్తాడంటే నమ్మలేకపోయానన్నది మరొకటి. నమ్మాను గానీ, అంతసేపు ఓపికగా, తర్కంగా నడిపిన కథను రచయిత ఒక్క దెబ్బతో తేల్చేశారనిపించిందన్నది ఇంకొకటి. మొదటిది సీతారాముడి గురించి చెప్పే మాట, రెండోది కథ నిర్మాణం గురించి, మూడోది రచయిత నిర్ణయం గురించి. ఈ మూడూ కలగలిపి మాట్లాడితే చర్చ ఎటూ సాగదు. మీ బృందంలో జరిగింది కూడా బహుశా అదే అయివుంటుంది. మీరు ఒకదాని గురించి మాట్లాడితే వాళ్లు మరొకదానికి జవాబు చెప్పి ఉంటారు.

మొదటి రకం అభిప్రాయం దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే తెలుగు పాఠకులం ఎక్కువగా తడబడేది ఇక్కడే. పాత్ర చేసిన పనిని కథ సమర్థించినట్టుగా, కథ సమర్థించినదాన్ని రచయిత జీవితంలో ఆచరించినట్టుగా తీసుకునే అలవాటు మనకు బాగా పాతది. చలం ‘మైదానం’ 1927 నాటిది. రాజేశ్వరి భర్తను వదిలి అమీరుతో వెళ్లడం తప్పా ఒప్పా అన్నదాని మీద చెలరేగిన వాదాలతో పోలిస్తే, ఆమె తన కథను తానే చెప్పుకోవడం వల్ల పాఠకుడికి ఏం తెలుస్తోంది, ఏం తెలియకుండా పోతోంది అన్నదాని మీద జరిగిన చర్చ చాలా తక్కువ. చాసో ‘ఏలూరెళ్ళాలి’కి కూడా అదే గతి పట్టింది. ముసలి భర్త పోయాక తన బతుకు వీధిన పడకుండా ఉండాలంటే తనకొక కొడుకు కావాలని లెక్క వేసుకున్న యువతి కథ అది. ఆమె శీలాన్ని విచారించే ఉత్తరం ఎవరైనా రాయగలరు. ఆ కథను చెబుతున్నది ఆమె కాదని, ఆ లెక్కలో తానొక పావునని అప్పుడు ఎరగని మగవాడని గమనించి రాసిన ఉత్తరానికి ఒక విలువ ఉంటుంది. అలాగని పాత్ర మీద మనకు కలిగే కోపాన్ని దాచిపెట్టుకోవాలని నేను అనడం లేదు. కోపం వచ్చిందనే రాయండి. ఆ కోపం తెప్పించడమే కథ ఉద్దేశమా, లేక కథ మరో దారిలో పోతుండగా మీకు కోపం వచ్చిందా అని కూడా ఒక వాక్యం జోడించండి.

రెండో రకం అభిప్రాయానికి, అంటే నమ్మలేకపోయానన్నదానికి, రుజువు కథలోనే వెతకాలి. ‘యజ్ఞం’ మళ్లీ తెరిచి, ఒక పెన్సిల్ పట్టుకుని, ముగింపుకు ముందు సీతారాముడు ఎక్కడెక్కడ కనిపించాడో, ఏం మాట్లాడాడో, ఎవరి మాటకు అడ్డుపడ్డాడో అంచుల్లో గీతలు పెట్టుకోండి. తండ్రి సర్దుకుపోయే తీరుకూ కొడుకు బిగుసుకుపోయే తీరుకూ మధ్య రచయిత ఎంత దూరం చూపించారో అప్పుడు తెలుస్తుంది. ఆ గీతలన్నీ కలిపి చూశాక కూడా ఆ చివరి పనికి తగినంత ఆధారం కనబడకపోతే, కథ నన్ను సిద్ధం చేయలేదని ధైర్యంగా రాయండి. ఆ విమర్శను ఎవరూ తీసిపారేయలేరు. ఒకవేళ ఆధారం కనబడితే మీ అభిప్రాయం అక్కడే మారుతుంది, అందులో చిన్నతనమేమీ లేదు. కథను రెండోసారి చదవడం అన్నది మన దగ్గర బొత్తిగా తగ్గిపోయింది గానీ, పెద్ద కథల విషయంలో మొదటిసారి చదివి చెప్పిన మాటను నేను పూర్తి అభిప్రాయంగా లెక్కపెట్టను.

నా అభిప్రాయం కూడా చెప్పాలి కదా. నాకు ఈ కథ ఆయువుపట్టు ముగింపు కాదు, అప్పల్రాముడు నోరు విప్పిన చోటు. శ్రీరాములు నాయుడిని రచయిత దుర్మార్గుడిగా చిత్రించలేదు. ఊరికి మంచి కోరినవాడు, నాలుగు మంచి పనులు చేసినవాడు, నెమ్మదిగా, న్యాయంగా మాట్లాడేవాడు. అప్పు తీసుకున్నవాడు తీర్చాలని ఆయన చెబుతుంటే ఎవరైనా తల ఊపుతారు. ఆ తర్వాత అప్పల్రాముడు తన బతుకు చెప్పుకొస్తాడు. ఊరు బాగుపడుతున్న ఆ ఏళ్లలోనే తాను ఎలా చితికిపోయాడో ఒక్కొక్కటే విప్పి చెబుతాడు. అతను ఎవరినీ నిందించడు, తనకు జరిగినదాన్ని వరసగా చెబుతాడంతే. ఆ మాటలు విన్న తర్వాత నాయుడి న్యాయంలో తప్పు ఎక్కడుందో వెంటనే వేలు పెట్టి చూపలేకపోతాం, అలాగని ఒప్పుకోనూ లేము. ఆ ఇరకాటంలో పడ్డ పాఠకుడి ముందుకే సీతారాముడు వస్తాడు. అంటే, నాయుడి మాటలకు ఎంత తల ఊపితే ముగింపు అంత గట్టిగా తగులుతుంది. మొదటి నుంచీ నాయుడిని అనుమానిస్తూ చదివినవాళ్లకు ముగింపు అతిగా అనిపించడం నేను ఎక్కువగా చూశాను. మీరు ఈ రెండింటిలో ఏ పక్కన నిలబడి చదివారో గుర్తు చేసుకోండి. మీ అయిష్టానికి మూలం అక్కడ దొరకవచ్చు.

ఈ కథ మీద నేను విన్న అభిప్రాయాల్లో బాగా గుర్తుండిపోయినవి పండితులు చెప్పినవి కావు. సహకార బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన, సాహిత్యం తనకు తెలియదంటూనే, కథలోని బాకీ వివరాలు ఒక కాగితం మీద రాసుకొచ్చి, చిన్న రైతుకు అసలు కంటే వడ్డీ ఎప్పుడు బరువవుతుందో, పంట ధర పడిపోయిన ఏడాది ఎందుకు కోలుకోలేడో తన ఉద్యోగ అనుభవంతో వివరించారు. కథలోని పంచాయతీలో ఆ లెక్క ఎవరైనా ఇలా వేసి ఉంటే తీర్పు మారేదా అని చివర్లో అడిగారు. మరోసారి ఒక యువతి, ‘ఆ బిడ్డను ఎందుకు చంపాడన్నదాని మీద ఇన్నేళ్లుగా ఇంత చర్చ జరిగింది కదా, ఆ బిడ్డ తల్లి గురించి ఎవరు ఎంత మాట్లాడారు?’ అని నిలదీసింది. ఇద్దరిలో ఎవరూ సిద్ధాంతాల పేర్లు ఎత్తలేదు. ఒకరు తమ వృత్తిని, ఒకరు తమ స్థానాన్ని కథ దగ్గరికి తెచ్చుకున్నారు, అంతే. సొంత అభిప్రాయంలో ‘సొంతం’ ఉండవలసింది అక్కడ. మీరు ఎవరు, ఎక్కడివారు, ఏ పని చేస్తారు అన్నది కథ చదివే తీరును మారుస్తుంది. దాన్ని దాచి, అందరి తరఫునా తీర్పు చెబుతున్నట్టు ‘సమాజానికి సందేశం ఇచ్చిన కథ’ అని రాస్తే ఆ సొంతదనమే పోతుంది. (సందేశం అన్న మాటను పదేళ్లపాటు కథా సమీక్షల్లో నిషేధిస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.)

ఒకే కథ మీద పాఠకులు రెండుగా చీలినప్పుడు ఆ చీలికను చూసి భయపడనక్కర్లేదు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తుఫాను రాత్రి ఒక రైల్వేస్టేషనులో సూత్రాలు, నియమాలు కట్టుకుని బతికే రావుగారికీ ఒక బిచ్చగత్తెకూ మధ్య నడిచిన కథ. తెల్లారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది, రావుగారి పర్సు ఆమె దగ్గర కనబడుతుంది. పర్సు కనబడిన క్షణాన ఆ రాత్రి ఆమె చూపిన ఆప్యాయత అంతా నటనేనని రాసినవాళ్లు ఉన్నారు. దొంగతనమూ ఆప్యాయతా ఒకే మనిషిలో ఉండగలవని ఆ పర్సే రుజువు చేస్తోందని రాసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చూపించేది అదే పర్సును. కథలో ఒకే వస్తువు దగ్గర నిలబడి ఎదురెదురుగా మాట్లాడుకున్నప్పుడు చర్చలో ఎవరూ ఎవరినీ ‘అర్థం కాలేదు’ అని కొట్టిపారేయనక్కర్లేదు. మీ బృందంలో చర్చను ఇలాంటి వస్తువు ఒకదాని చుట్టూ నడపమని అడిగి చూడండి.

మీరు ప్రశ్నలో పక్కగా చెప్పిన ఇంకొక ఇబ్బంది, భాష. ఉత్తరాంధ్ర పలుకుబడి కొత్త కావడంతో మధ్యలో కొన్ని పేజీలు తిప్పేశానని రాశారు. అది చిన్న విషయం కాదు. అప్పల్రాముడి మాటలు అతని పలుకుబడిలో కాక మరోలా వినబడవు, పైగా కథ బరువంతా ఆ మాటల మీదే ఉంది. ఆ పేజీలు పైకి చదవండి. కంటికి అడ్డుపడిన పలుకుబడి చెవికి తొందరగానే అలవాటవుతుంది. చిత్తూరు మాటలో నామిని రాసినవాటికీ, తెలంగాణ పల్లె మాటలో అల్లం రాజయ్య రాసినవాటికీ ఇదే ఉపాయం పనిచేస్తుంది. యాస అర్థం కాలేదు కాబట్టి కథ బాగోలేదని మాత్రం రాయకండి. పేజీలు తిప్పేసి ముగింపు మీద తీర్పు చెబితే మీ బృందం పెద్దలకు మీరే ఆయుధం ఇచ్చినట్టవుతుంది.

రాసేటప్పుడు సారాంశానికి రెండు మూడు వాక్యాలకు మించి ఖర్చు పెట్టకండి. మా పత్రికకు వచ్చిన పొడవాటి ఉత్తరాల్లో ముప్పాతిక భాగం కథను తిరిగి చెప్పడమే ఉండేది. అసలు కథ చదివినవాడికి అది అనవసరం, చదవనివాడికి అన్యాయం. కొత్త కథ అయితే మలుపు బయటపెట్టకుండా, అది వచ్చిన చోట మీకేమైందో చెప్పవచ్చు. కథలోని వాక్యం ఒక్కటైనా ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, దాని పక్కన మీ మాట రాయండి. మీ జ్ఞాపకంలోని వాక్యానికీ అచ్చులో ఉన్నదానికీ ఎంత తేడా ఉంటుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. పుస్తకం దగ్గర లేకపోతే, కాళీపట్నం వారే 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైటులో పాత పత్రికల్లో అచ్చయిన కథలు స్కాన్ చేసి పెట్టినవి వేల సంఖ్యలో ఉన్నాయి. పత్రికలో బొమ్మతో, ప్రకటనల మధ్య అచ్చయిన కథను చూస్తే, అది ఏ పాఠకుల చేతుల్లోకి మొదట వెళ్లిందో కూడా కొంత ఊహకు అందుతుంది.

మీ అభిప్రాయం ఎలా ఉండవచ్చో చెప్పడానికి, మీ ప్రశ్నలోని మాటలనే తీసుకుని ఒక నమూనా రాస్తున్నాను: ‘నాయుడు మాట్లాడినంతసేపూ ఆయన పక్షానే ఉన్నాను. అప్పల్రాముడు తన సంగతి చెప్పడం మొదలుపెట్టాక ఏ పక్షాన ఉండాలో తేల్చుకోలేకపోయాను, ఆ స్థితి నాకు నచ్చింది. సీతారాముడు వచ్చాక ఇక తేల్చుకునే అవకాశం నాకు మిగల్లేదు. ఆ శవం ముందు ఎవరైనా నాయుడిని తప్పుపట్టక తప్పదు. నా అంతట నేను చేరుకోబోతున్న చోటికి కథ నన్ను నెట్టేసిందనిపించింది, అందుకే ముగింపుతో నాకు పేచీ.’ ఇందులో ప్రతి వాక్యమూ కథలో ఒక చోటును చూపిస్తోంది. ఎవరైనా దీన్ని కాదనాలంటే ఆ చోటికి వెళ్లి కాదనాలి. నేనైతే కాదంటాను. తేల్చుకోలేని స్థితిలో సుఖంగా ఉండిపోయే అవకాశం పంచాయతీ చూడవచ్చినవాళ్లకు ఉంటుంది గానీ ఆ కుటుంబానికి లేదని, ముగింపు పాఠకుడిని ఆ సుఖం నుంచి లేపుతోందని వాదిస్తాను. ఇంత మాత్రం చేత మీ మాట చెల్లకుండా పోదు. నా వాదాన్ని నేను ఇంత స్పష్టంగా చెప్పుకోగలిగింది మీ అభ్యంతరం అంత స్పష్టంగా ఉండబట్టే.

ఇప్పుడు రాస్తున్న కథకుల మీద అభిప్రాయం చెప్పేటప్పుడు మొహమాటం ఎక్కువవుతుందని కూడా అన్నారు. రచయిత అదే వాట్సాప్ గ్రూపులో ఉంటారు, కథ పంచుకున్న గంటలో ‘అద్భుతం’, ‘గుండె బరువెక్కింది’ అన్న మాటలు వరదలా వచ్చేస్తాయి. వాటి మధ్య మీ అభ్యంతరం ఒక్కటీ గొంతులో ముల్లులా ఉంటుందన్న మీ భయం నిజమే. కానీ నాకు తెలిసిన కథకుల్లో చాలామంది ఆ అద్భుతాలను ఎప్పుడో మరిచిపోయి, ‘మూడో పేజీలో ఆ అమ్మాయి ఫోను ఎందుకు పెట్టేసిందో నాకు తెలియలేదు’ అన్న తరహా ప్రశ్నను మాత్రం ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటారు. మొదటి సంపుటం వేసుకున్నవాళ్లను నలుగురిలో కాకుండా విడిగా అడగండి. పేరు స్థిరపడినవాళ్లతో ఆ జాగ్రత్త అక్కర్లేదు.

మీ బృందం తదుపరి సమావేశానికి ‘యజ్ఞం’ మీద మళ్లీ వాదం పెట్టుకునే ముందు ఒక పని చేయండి. అదే రచయిత రాసిన ‘చావు’ చదవండి. ఒక ముసలామె చనిపోయిన రాత్రి, దహనానికి కట్టెలు దొరక్క కూలి జనం పడే అవస్థ ఆ కథ. అందులో కత్తి లేదు, హత్య లేదు, పంచాయతీని నివ్వెరపరిచే దృశ్యం లేదు. అది మీకు నచ్చితే, మీ పేచీ కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) దృక్పథంతో కాదని, ఆ ఒక్క ముగింపుతోనేనని మీకే స్పష్టమవుతుంది. అది కూడా నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో గీతలు పెట్టుకుని ఇక్కడే రాయండి, చదివి జవాబు చెబుతాను.